ఆటోనగర్ యాక్సిల్, వేదకాలపు అక్షం

పోయిన నెల ఈ పేజీలో, ‘జ్ఞానం’ అనే మన మాటకూ, ‘కె’ అని రాసి పలకకుండా వదిలేసే ఇంగ్లీషు ‘నో’కూ (తెలుసుకోవడం అనే అర్థంలో వాడే ‘నో’కు) మూలం ఒకటేనని ఏదో మాటవరసకు రాశాను. ఆ ఒక్క ముక్క మీదే బోలెడు ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువగా విజయవాడ, గుంటూరుల నుంచే. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. సంస్కృతం, పారశీకం, గ్రీకు, లాటిన్, రష్యన్, జర్మన్, ఇంగ్లీషు ఇవన్నీ ఒకప్పటి ఒకే భాష నుంచి చీలిపోయినవి. ఆ మూలభాషకు పండితులు పెట్టిన పేరు ఆది ఇండో-యూరోపియన్. ఆ భాషలో రాసిన ఒక్క అక్షరం కూడా ఎక్కడా దొరకలేదు. పిల్లల పోలికలన్నీ పక్కపక్కన పెట్టి, ఎప్పుడూ చూడని ముత్తవ్వ ముఖం గీసినట్టుగా, దాని మాటల్ని కూడబలుక్కుని తయారు చేశారు. తెలుగు ఆ కుటుంబంలోది కాదు, ఆ సంగతి తర్వాత వస్తుంది.

ప్రశ్న: మాది ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. మా అబ్బాయి సోషల్ పుస్తకంలో ‘భూమి అక్షం’ అని పైకి చదువుతుంటే విన్నాను. మేము రోజూ అమ్మే యాక్సిల్ లాగే ఉంది కదా అనిపించింది. ఇంగ్లీషువాళ్ళు మన మాట ఎత్తుకుపోయారా, లేక వాళ్ళ మాటనే మనవాళ్ళు సంస్కృతంలాగా మార్చారా?
– విజయవాడ

జవాబు: రెండూ కాదండీ. ఎవరూ ఎవరి దగ్గరా ఎత్తుకుపోలేదు. ఒకే తాత ఆస్తి ఇద్దరు మనవళ్ళకు వచ్చినట్టు వచ్చింది. వేదకాలం నాటికే ‘అక్షం’ అంటే బండి ఇరుసు. లాటిన్‌లో అది ‘యాక్సిస్’, గ్రీకులో ‘యాక్సోన్’. ఇంగ్లీషులో ఇప్పుడు మీరు అమ్మే ‘యాక్సిల్’ స్కాండినేవియా జనం మాట్లాడిన పాత నార్స్ భాష మీదుగా వచ్చింది. మీ అబ్బాయి పుస్తకంలోని భూమి అక్షం కూడా ఇదే, భూమి తిరిగే ఇరుసు.

మీ ఉత్తరం చదివాక ఊరుకోలేక ఆటోనగర్ వచ్చాను. ఒక షెడ్డులో లారీ వెనక చక్రాలు విప్పేసి, గ్రీజు కారుతున్న యాక్సిల్‌ను ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్కా పట్టుకుని బయటికి లాగుతున్నారు. ‘హబ్ జాగ్రత్త, వీల్ అటు దొర్లించు’ అని మేస్త్రీ కేకలు పెడుతున్నాడు. అక్కడ నిలబడి ఒక్కో సామానూ చూస్తుంటే మీ షాపులో బిల్లు రాసే మాటల్లో సగం ఈ కుటుంబంవే అనిపించింది.

‘వీల్’ తీసుకోండి. దాని తోబుట్టువు మన ‘చక్రం’, ఇంకో తోబుట్టువు గ్రీకు ‘కుక్లోస్’. ఆ గ్రీకు మాటే లాటిన్, ఫ్రెంచి భాషల గుండా ఇంగ్లీషుకు వెళ్ళి ‘సైకిల్’ అయింది. అంటే ‘సైకిలు చక్రం’ అన్నప్పుడు ఒకే మాటను రెండుసార్లు అంటున్నాం. పారశీకంలో ‘చర్ఖ్’ కూడా ఇదే, గాంధీగారి చరఖా దాని నుంచే వచ్చింది. వీటన్నిటికీ మూలరూపం *క్వెక్వ్‌లోస్ అని కట్టారు (తెలుగు లిపిలో దీన్ని ఉన్నదున్నట్టు రాయడం కుదరదు, ‘క్వ’ను పెదాలు గుండ్రంగా చుట్టి పలికే ‘క’ అనుకోండి).

ఇంత దూరం నుంచి ‘చ’ ఎలా వచ్చిందని మీరు అడుగుతారు, అడగాలి కూడా. ఆ మూలరూపంలో ‘క్వ’ రెండుసార్లు ఉంది. మొదటిదాని వెనక ‘ఎ’ ఉంది, రెండోదాని వెనక లేదు. ‘ఎ’, ‘ఇ’ లాంటి అచ్చుల ముందు ‘క’ నాలుక ముందుకు జారి ‘చ’ అవుతుంది. సంస్కృతంలో జరిగింది అదే. మొదటి ‘క’ జారి ‘చ’ అయింది, రెండోది ‘క’గానే మిగిలింది. అందుకే ‘చ-క్రం’. ఆ తర్వాత సంస్కృతంలో హ్రస్వ ‘ఎ’ పూర్తిగా ‘అ’గా మారిపోయింది, కానీ ఒకప్పుడు అక్కడ ‘ఎ’ ఉండేదని చెప్పడానికి ‘చ’ మిగిలింది. దొంగ వెళ్ళిపోయినా తడి నేల మీద అడుగుజాడ మిగిలినట్టు. 1870లలో ఈ కిటుకు బయటపడే దాకా సంస్కృతంలోని ‘అ’యే అన్నిటికంటే పాతదని యూరప్ పండితులు అనుకునేవాళ్ళు.

ఇది మనకు వింతగా అనిపించక్కర్లేదు, ఎందుకంటే ఇదే పని తెలుగు సొంతంగా చేసుకుంది. కన్నడంలో ‘కివి’, మనకు ‘చెవి’. వాళ్ళకు ‘కెరె’, మనకు ‘చెరువు’. వాళ్ళు ‘కెడు’ అంటే మనం ‘చెడు’ అంటాం. సంబంధం లేని రెండు కుటుంబాల్లో ఒకే రకం మార్పు వచ్చింది. మనిషి నాలుక ఎక్కడైనా నాలుకే కదా.

ఇంగ్లీషు వైపు ‘క్వ’ పెదాల దగ్గర ‘హ్వ’గా మారింది, అందుకే వీల్ స్పెల్లింగులో ఇప్పటికీ డబ్ల్యూ పక్కన హెచ్ ఉంది. ‘ఎవరు’ అనే అర్థంలో సంస్కృతం ‘కః’ అంటుంది, ఇంగ్లీషు ‘హూ’ అంటుంది, ఈ జంటకూ అదే లెక్క.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ‘హబ్’కు సంస్కృతం మాట ‘నాభి’, ఇంగ్లీషులో బొడ్డును ‘నేవెల్’ అంటారు, బండి చక్రం బొడ్డును పాతరోజుల్లో ‘నేవ్’ అనేవాళ్ళు, అంతా ఒకటే వంశం. ‘రోటరీ’, ‘రోటర్’ అన్నవి లాటిన్‌లో చక్రానికి ఉన్న ‘రోటా’ నుంచి వచ్చాయి, దాని చుట్టం మన ‘రథం’. ఇక *వెఘ్ అని ఒక ధాతువు ఉంది, మోసుకుపోవడం అని అర్థం. సంస్కృతంలో ‘వహ్’ అయింది. దాని నుంచి వాహనం, ప్రవాహం, పెళ్ళికూతుర్ని తోడుకుపోయే ‘వివాహం’. లాటిన్ వైపు నుంచి ‘వెహికల్’, డచ్చి వైపు నుంచి ‘వ్యాగన్’, అచ్చ ఇంగ్లీషులో ‘వే’. విజయవాడ పక్కన గుంటుపల్లిలో రైల్వేవాళ్ళ వ్యాగన్ వర్క్‌షాపు ఉంది కదా, ఆ బోర్డు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది: రైల్వేలో ఒకసారి, వ్యాగన్‌లో ఒకసారి, అదే ధాతువు రెండుసార్లు!

ఇలా బండి సామాను పేర్లన్నీ మూలభాషకు అందుతున్నాయి కాబట్టి ఆ జనానికి చక్రాల బండి తెలుసని అర్థం. తవ్వకాల్లో చక్రాల బండి ఆనవాళ్ళు క్రీ.పూ. 3500 ప్రాంతం నుంచి కనిపిస్తున్నాయి. ఆ కాలానికి ఈ భాషలు ఇంకా పూర్తిగా చెదిరిపోలేదని చాలామంది పండితులు లెక్క కట్టింది ఈ సామాను పట్టుకునే. మన ఇరుసు మాత్రం వేరు, అది తమిళంలోనూ ఉన్న మన వైపు మాట. కాబట్టి మీ షాపుకు వచ్చిన రైతు ‘ఇరుసు ఉందా’ అంటే అది ఒక కుటుంబం, లారీ డ్రైవరు ‘యాక్సిల్ ఉందా’ అంటే అది ఇంకో కుటుంబం.

ప్రశ్న: ‘పెట్టు’, ఇంగ్లీషు ‘పుట్’ రెండూ ఒకేలా ఉన్నాయి, అర్థం కూడా ఒకటే. మీ లెక్క ప్రకారం ఇవి కూడా చుట్టాలే కదండీ? మా హాస్టల్లో దీని మీద పెద్ద గొడవ జరిగింది.
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదమ్మా. మీ గొడవలో ‘కావు’ అన్నవాళ్ళు గెలిచారు. కానీ ఎందుకు కావో తెలుసుకోవడంలోనే ఈ విద్య అంతా ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చుట్టాలని ఎవరూ ఒప్పుకోరు. మార్పులో ఒక వరస ఉండాలి. సంస్కృతంలో ‘ప’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఫ’ ఉంటుంది. పితృ – ఫాదర్, పాదం – ఫుట్, పంచ – ఫైవ్, పూర్ణం – ఫుల్. సంస్కృతంలో ‘ద’ ఉంటే ఇంగ్లీషులో ‘ట’. దశ – టెన్, దంతం – టూత్, ద్వి – టూ. ‘త’ ఉంటే ‘థ’. త్రి – థ్రీ. జాకబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు 1822లో ఈ వరసను సూత్రంగా రాశాడు. పిల్లల కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన ఈయనే. ఈ వరస ప్రకారం అచ్చ ఇంగ్లీషు మాటలో మొదట ‘ప’ కనిపిస్తే, దాని జోడీ అవతల ‘ప’తో మొదలవడానికి వీల్లేదు. పైగా ‘పెట్టు’ సంస్కృతం కాదు, దేశ్యం. రెండు వేరువేరు కుటుంబాల మాటలు దారిలో ఒకరినొకరు పోలారు, అంతే. పారశీకంలో ‘చెడ్డ’ అని చెప్పడానికి ‘బద్’ అంటారు, ఇంగ్లీషులో ‘బ్యాడ్’ అంటారు. ఒకే కుటుంబంలోని భాషలైనా ఆ రెండు మాటలకూ ఏ సంబంధమూ లేదు. అందుకే పోలికను చూసి మోసపోవద్దని మాస్టార్లు మొదటి క్లాసులోనే ఈ జంట చెబుతారు.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది, మీది గుంటూరు కాబట్టి చెప్పకుండా ఉండలేను. మిరపకాయను ఇంగ్లీషులో ‘రెడ్ పెప్పర్’ అని కూడా అంటారు. ఆ ‘పెప్పర్’ మన పిప్పలి. ఆయుర్వేదం కొట్టులో దొరికే పిప్పళ్ళే. మరి ‘ప’ ‘ఫ’ కాలేదేం? ఎందుకంటే అది చుట్టరికం కాదు, అరువు. మన దేశం నుంచి సరుకుతో పాటు మాట కూడా ఓడెక్కి గ్రీకులో ‘పెపెరి’, లాటిన్‌లో ‘పిపెర్’ అయి ఇంగ్లీషుకు చేరింది. ఆ ప్రయాణం జరిగేటప్పటికి ‘ప’ను ‘ఫ’ చేసే కాలం అక్కడ ఎప్పుడో అయిపోయింది. ఫాదర్ ఇంట్లో పుట్టినవాడు, పెప్పర్ వలస వచ్చినవాడు. ఏ మాట పుట్టిందో, ఏ మాట వచ్చి చేరిందో ఒక్క హల్లు చెప్పేస్తుంది. ఇక మిరప అమెరికా ఖండం నుంచి ఇక్కడికి వచ్చిన పంట, పేరు మాత్రం పాత మిరియంతో కలిపి పెట్టుకున్నాం. అక్కడ ఇంగ్లీషువాళ్ళు కూడా అదే చేశారు, కొత్త కారానికి పాత కారం పేరు.

ప్రశ్న: మూడు నెలల కిందట మీరే ‘డే’ అన్నా ‘దినం’ అన్నా ఒకటే మూలం అని రాశారు. కటింగ్ జత చేస్తున్నాను. మీ పద్ధతి ప్రకారం ఇది కుదురుతుందా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కుదరదు. నేను రాసింది తప్పు, మన్నించండి. పైన చెప్పిన వరసే చూడండి, సంస్కృతం ‘ద’కు ఇంగ్లీషులో ‘ట’ రావాలి. ‘డే’లో ‘డ’ ఉంది కాబట్టి అది ‘దినం’ జోడీ కాలేదు. లాటిన్ ‘దియెస్’ మాత్రం దినం, దివం వైపుదే. ఇంగ్లీషులో ఆ వైపు మాట కావాలంటే ‘ట’తో వెతకాలి. ‘ట్యూస్ డే’లోని ‘ట్యూ’ అక్కడి పాత దేవుడు, మన ‘ద్యౌః’, ‘దేవ’ల చుట్టం. ఒకే రోజు పేరులో మొదటి ముక్క మన బంధువు, ‘డే’ కాదు. కటింగ్ దాచి ఉంచి అడిగినందుకు మీకు నిజంగా రుణపడ్డాను.

ప్రశ్న: నేను నలభై ఏళ్ళు తెలుగు చెప్పాను. తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని మా గురువులు చెప్పారు, నేనూ చెప్పాను. మీరు సంస్కృతానికి యూరప్‌లో చుట్టాలున్నారంటారు, తెలుగును మాత్రం పక్కన కూర్చోబెడతారు. ఇది తెల్లవాళ్ళు కల్పించిన చీలిక కాదా?
– రిటైర్డ్ ఉపాధ్యాయులు, పటమట

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో బాధ ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఈ మాటలో నేను మీతో కలవలేను.

1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పాడు. ఇది అందరికీ తెలిసిన కథ. అంతకంటే మనకు దగ్గరి కథ 1816ది. ఆ ఏడు మద్రాసులో క్యాంప్‌బెల్ అనే ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం రాసి చేర్చాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమని, సంస్కృతం నుంచి పుట్టినవి కావని ధాతువులు పక్కపక్కన పేర్చి చూపించాడు. ఈ దక్షిణాది భాషల కుటుంబం మీద పేరుపడ్డ కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది ఆ తర్వాత 40 ఏళ్ళకు, 1856లో. ఎల్లిస్ ఒంటరిగా చేసిన పని కాదిది. మద్రాసు కాలేజీలో సంస్కృతం, తెలుగు చెప్పిన పట్టాభిరామశాస్త్రి గారి ధాతువుల పట్టిక ఆయన ముందుంది. మన మచిలీపట్నం మామిడి వెంకయ్య గారు ‘ఆంధ్రదీపిక’లో రాసిన మాటల్ని కూడా ఆయన ఉదహరించాడు. తత్సమం, తద్భవం, దేశ్యం అని మాటల్ని వేరుచేసి చూపే అలవాటు మన వ్యాకరణాల్లో అప్పటికే ఉంది. దాని మీదే ఎల్లిస్ నిలబడ్డాడు. తెల్లవాడి కల్పన అంటే మన పండితుల్ని మనమే మరిచిపోయినట్టవుతుంది మాస్టారూ.

రోజూ నోట్లో ఆడే మాటలు చూడండి. సంస్కృతం ‘అక్షి’ అంటుంది. మనం కన్ను అంటాం, తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు, గోండీలో కన్, ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహూయీలో ఖన్. (ఈ అక్షికీ, ఇందాకటి అక్షానికీ సంబంధం లేదు, వేర్లు వేరు.) ఒకటి, రెండు, చెవి, నోరు, ఇవ్వడం, రావడం, ఇవేవీ సంస్కృతం ఇచ్చినవి కావు. అరువు తెచ్చుకున్నవి వేలల్లో ఉన్నాయి, నిజమే. అరువు ఎంత తెచ్చుకున్నా పుట్టిల్లు మారదు. ఈ విషయం మీద ప్రపంచం ఒప్పుకున్న పని చేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టారు. ఒంగోలు అప్పుడు మన గుంటూరు జిల్లాలోనే ఉండేది. తెలుగు ధాతువుల మీద ఆయన పుస్తకం 1961లో వచ్చింది.

అలాగని సంస్కృతం మనకు పరాయిదని నేను అనను. మీరు బడిలో తద్భవాలు చెప్పేటప్పుడు ఆజ్ఞ – ఆన, సంజ్ఞ – సన్న అని వల్లె వేయించి ఉంటారు. ‘నీ మీద ఆన’ అని ఒట్టు వేసినా, ‘కనుసన్నల్లో’ నడుచుకున్నా, ఆ మాటల అడుగున ఉన్నది జ్ఞానంలోని ఆ ‘జ్ఞా’ ధాతువే. ప్రాకృతం మీదుగా నలిగి నలిగి మన ఇంట్లోకి వచ్చింది. ఈ మాటలు తెలుగు ఇళ్ళల్లో ఎంత కాలంగా ఉన్నాయంటే వాటిని పరాయివని అనడానికి నోరు రాదు. పెంపుడు బిడ్డ కూడా బిడ్డే, పుట్టుక ఎవరింట్లోనో చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: మందుల షాపు నడుపుతాను. రోజంతా డోసు, డేటు, బీపీ, టెన్షన్ ఈ మాటలే. వీటికి కూడా కథ ఉంటుందా?
– కొత్తపేట, గుంటూరు

జవాబు: ఉందండీ, మంచి కథే. ‘డోసు’ గ్రీకు మాట, ‘ఇవ్వడం’ అని అర్థం. అంటే డాక్టరు ఒకసారికి ఇచ్చేది. ‘డేటు’ లాటిన్ నుంచి వచ్చింది. రోమన్లు ఉత్తరం చివర ఫలానా చోట, ఫలానా రోజున ‘ఇవ్వబడింది’ అని రాసేవాళ్ళు, ఆ ‘ఇవ్వబడింది’ అనే మాట ‘దాతా’. అదే రోజు పేరై డేటు అయింది. మీ ఫోన్‌లో మధ్యాహ్నానికే అయిపోయే ‘డేటా’ కూడా అదే మాట, ఇచ్చిన వివరాలు అని. మీ షాపు దగ్గర్లో రక్తదాన శిబిరం పెడితే బ్యానరు మీద ‘దాత’ అని ఉంటుంది, కార్డు మీద ‘డోనర్’ అని ఉంటుంది. లాటిన్ ‘దోనుమ్’, సంస్కృతం ‘దానం’ రెండూ ప్రత్యయంతో సహా ఒకే అచ్చు. మూలధాతువు *దో, ఇవ్వడం. ఎక్స్‌పైరీ డేటు చూసి డోసు చెప్పే మీరు పొద్దున్నుంచి రాత్రి దాకా దానం చేస్తున్నట్టే!

టెన్షన్ ఇంకా బాగుంటుంది. *తెన్ అంటే సాగదీయడం. లాటిన్‌లో సాగదీసి బిగించడం అనే అర్థంలో టెన్షన్ వచ్చింది. సంస్కృతంలో ‘తన్’. దాని నుంచి తంతువు, వీణ తంత్రి, పందిరి వేసే వితానం. సాగదీస్తే సన్నబడుతుంది కాబట్టి సంస్కృతంలో ‘తను’ అంటే సన్ననిది అనే అర్థం ఉంది, ఇంగ్లీషు ‘థిన్’ దాని తోబుట్టువు (‘త’కు ‘థ’, వరస తప్పలేదు చూడండి). ఇంకొకటి కూడా ఉంది. వంశాన్ని తెగిపోకుండా ముందుకు సాగదీసేది ‘సంతానం’. సంతానం, టెన్షన్ ఒకే వేరు నుంచి వచ్చాయి. పరీక్షల నెలలో మీ షాపుకు వచ్చే తల్లిదండ్రులకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: ఈ మూలరూపాల ముందు చుక్కగుర్తు పెడతారెందుకు? ఎవరూ రాయని, ఎవరూ వినని మాటను ఊహించి ఇదే నిజమంటే ఎలా నమ్మాలి?
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఆ చుక్క నిజాయితీ గుర్తు. ‘ఇది ఎక్కడా రాతలో దొరకలేదు, మేము కట్టింది’ అని ఒప్పుకోవడం. 1860లలో ష్లైఖర్ అనే జర్మన్ పండితుడు వాడాక అందరికీ అలవాటైంది.

నమ్మకం సంగతికి ఒక్క కథ చెబుతాను, ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మళ్ళీ విద్యార్థిని అయిపోవాలనిపిస్తుంది. 1878 చివర్లో ఫెర్డినాండ్ ద సొస్యూర్ అనే 21 ఏళ్ళ కుర్రాడు ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అచ్చుల మార్పులు కొన్నిచోట్ల లెక్కకు రావడం లేదు, కాబట్టి మూలభాషలో ఇప్పుడు ఏ భాషలోనూ కనిపించని ధ్వనులు ఉండి ఉండాలి, అవి పోతూ పోతూ పక్క అచ్చుల మీద గుర్తులు వదిలాయి అన్నాడు. కాగితం మీద లెక్క, ఆధారం సున్నా. చాలామంది పట్టించుకోలేదు. ఆయన 1913లో పోయాడు. ఈలోగా టర్కీలో తవ్వకాల్లో బయటపడ్డ మట్టిపలకల మీది హిట్టైట్ భాషను 1915లో హ్రోజ్నీ అనే ఆయన చదివి, అది కూడా ఈ కుటుంబంలోదేనని తేల్చాడు. 1927లో కురిలోవిచ్ అనే పోలండ్ పండితుడు చూస్తే, సొస్యూర్ ‘ఇక్కడ ఏదో ధ్వని ఉండాలి’ అన్న చోట్ల హిట్టైట్‌లో గొంతులోంచి పలికే ఒక ‘హ’ ఉంది! యాభై ఏళ్ళ కిందట లెక్కలో తేలిన ధ్వని, మూడువేల ఏళ్ళకు పైబడిన మట్టిపలక మీద కనిపించింది.

ఒక్క ఉదాహరణ చూడండి. మనం కృష్ణలో కలిపే అస్థికల ‘అస్థి’, గ్రీకులో ‘ఆస్టెయోన్’. డాక్టర్లు ఎముకలు గుల్లబారాయని చెప్పే ‘ఆస్టియోపొరోసిస్’ దాని నుంచే వచ్చింది. హిట్టైట్‌లో ఎముకకు ‘హస్తాయ్’ అంటారు. ముందున్న ఆ ‘హ’ సంస్కృతంలోనూ లేదు, గ్రీకులోనూ లేదు, మట్టి కింద దాక్కుంది. చుక్కగుర్తు పెట్టిన మాటలన్నీ ఇలా రుజువవుతాయని నేను అనను. కానీ పద్ధతికి ఇంతకంటే గట్టి పరీక్ష ఏముంటుంది?

ప్రశ్న: సార్, మా జూనియర్ కాలేజీ తెలుగు మాస్టారు ‘య’ ‘జ’ అవుతుందని తద్భవాల్లో చెప్పారు. ఇంగ్లీషులో కూడా అవుతుందా?
– ఇంటర్ విద్యార్థి, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: బాబూ, నీ కాలేజీ పేరులోనే జవాబు ఉంది. తెలుగులో యాత్ర – జాతర, యోగి – జోగి, యజ్ఞం – జన్నం, యౌవనం – జవ్వనం. ఈ మార్పు ప్రాకృతంలో జరిగి మన దాకా వచ్చింది. అవతల లాటిన్‌లో ‘యువేనిస్’ అంటే యువకుడు, వాడికంటే చిన్నవాడు ‘యూనియోర్’. రోము భాష విరిగి ఫ్రెంచి అయ్యే దారిలో అక్కడా ‘య’ ‘జ’ వైపు ఒరిగింది. అదే ఇంగ్లీషులో ‘జూనియర్’ అయింది. అంటే జవ్వని, జూనియర్ ఒకే మూలం నుంచి వచ్చి, రెండు వేరువేరు చోట్ల, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ‘య’ను ‘జ’ చేసుకున్నాయి. ఇంగ్లీషు సొంత బిడ్డ ‘యంగ్’ మాత్రం ‘య’ను అలాగే ఉంచుకుంది.

రైల్వేస్టేషన్‌కు వెళ్తే ‘విజయవాడ జంక్షన్’ బోర్డు ఒకసారి చూడు. *యెవ్గ్ అంటే కలపడం, కాడి కట్టడం. ఇంగ్లీషులో కాడిని ‘యోక్’ అంటారు. సంస్కృతంలో యుజ్, యోగం, ఉద్యోగం, యుక్తి. లాటిన్‌లో ‘యుంక్తియో’, కలయిక. యుక్తి, యుంక్తియో పక్కపక్కన పెట్టి పలికి చూడు, మధ్యలో ఒక్క అనునాసికమే తేడా. గుంటూరు లైను, గుడివాడ లైను, కాజీపేట లైను, అటు మద్రాసు, ఇటు విశాఖ, ఇన్ని లైన్లను ఒకే కాడికి కట్టిన చోటు కాబట్టి అది జంక్షన్.

ప్రశ్న: ఎప్పుడూ మనం అరువు తెచ్చుకున్నవే చెబుతారు. అచ్చ తెలుగు మాట ఒక్కటైనా ఇంగ్లీషుకు వెళ్ళిందా?
– రైతు, గుంటూరు దగ్గర పల్లె

జవాబు: వెళ్ళిందండీ. మీ చేలో కన్నాలు పెట్టి, బస్తాలు కొరికి, రాత్రంతా నిద్ర లేకుండా చేసే పందికొక్కు వెళ్ళింది. ఇంగ్లీషులో దాని పేరు ‘బాండికూట్’. పంది, కొక్కు రెండూ అచ్చ తెలుగు. ఆ పేరు అక్కడితో ఆగలేదు, ఆస్ట్రేలియాలో పొట్టసంచిలో పిల్లల్ని పెంచే ఒక చిన్న జంతువును చూసి తెల్లవాళ్ళు దానికి కూడా బాండికూట్ అనే పేరు పెట్టారు. దానికీ మన పందికొక్కుకూ రక్తసంబంధం ఏమీ లేదు, చూడ్డానికి కాస్త పోలిక ఉందంతే.